పియానో టెక్నీషియన్ తన మజూరీ ఎలా లెక్క కట్టుకోవాలి?

పియానోకు 88 కీలు. ఒక్కో కీ దగ్గర పట్టే సమయాన్ని ఒక్క నిమిషం తక్కువగా ఊహించినా, పని ముగిసేసరికి దాదాపు గంటన్నర చేతి చమురు భాగవతం ఆడినట్టే. చెవి బాగుండి, చేయి బాగుండి, జేబులో మాత్రం డబ్బు నిలవని టెక్నీషియన్లను చూస్తుంటాం. వాళ్లకు బేరమాడటం రాదని అందరూ అనుకుంటారు. నాకు తెలిసినంతలో వాళ్లు మరచిపోయేది బేరం కాదు, 88తో గుణించడం.

నేనూ మరచిపోయాను. తొలి రోజుల్లో ఒక పాత పియానో కీలకు బుషింగులు మారుస్తానని ఒప్పుకున్నాను. కీ అటూ ఇటూ ఊగకుండా పట్టి ఉంచే చిన్న ఉన్ని గుడ్డ ముక్కలవి. ఒక్కో కీకి ముందు వైపు ఒక తొర్ర, మధ్యలో ఒక తొర్ర ఉంటాయి. ఒక్కో తొర్రలో అటొకటి, ఇటొకటి రెండు ముక్కలు. మొత్తం 352. పాత గుడ్డను తడిపి ఊడదీయాలి, తొర్ర శుభ్రం చేయాలి, జిగురు రాసి కొత్త ముక్క పెట్టాలి, అది కదలకుండా చెక్క దోపాలి, ఆరాక కీ బిగుసుకోకుండా సరిచూడాలి. ‘ఒక రోజు పని’ అని మాట ఇచ్చిన నేను నాలుగో రోజు సాయంత్రం ఆఖరి కీ అమర్చాను. తీసుకున్నది ఒక రోజు మజూరీ. ఆ ఇంటివారి తప్పేమీ లేదు, అడిగినంతా ఇచ్చారు.

ఆ దెబ్బ తర్వాత అలవాటు చేసుకున్న పద్ధతి ఇది. మీరు ఏ దేశపు కరెన్సీలో డబ్బు తీసుకున్నా ఈ లెక్క మారదు. అందుకే ఇందులో ఎక్కడా ధరలు రాయలేదు, గంటలు మాత్రమే రాశాను.

ముందు గంట విలువ తేల్చుకోండి

ఒక కాగితం తీసుకుని ఏడాదికి మీకు కావలసిన మొత్తం రాయండి. ఇంటి ఖర్చులతో మొదలుపెట్టండి. తర్వాత వృత్తి ఖర్చులు: బండి, ఇంధనం, పనిముట్లు, వాటి అరుగుదల, ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్, షెడ్డు ఉంటే దాని అద్దె, బీమా, ఫోను, ముందుగా కొని ఉంచుకునే తీగలు, ఫెల్టు, జిగురు, కొత్త పని నేర్చుకోవడానికి పెట్టే డబ్బు, పన్నులు. చివరగా చాలామంది వదిలేసే రెండు పద్దులు కలపండి. ఒకటి ముసలితనానికి దాచుకునేది. రెండోది చేయి బెణికి నెల రోజులు పని చేయలేకపోతే ఆదుకునేది. ట్యూనింగ్ లీవరు పట్టుకునే భుజానికీ మణికట్టుకూ ఆ రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

ఇక ఆ మొత్తాన్ని గంటలతో భాగించాలి. అసలు పొరపాటు జరిగేది ఇక్కడే. ఉద్యోగస్తుల లెక్క ప్రకారం ఏడాదికి 52 వారాలు, వారానికి 40 గంటలు, మొత్తం 2080 గంటలు. దానితో భాగిస్తే గంటకు చాలా చిన్న అంకె వస్తుంది, అదే న్యాయమైన ధర అనిపిస్తుంది. కానీ మీరు 2080 గంటలు పియానో ముందు కూర్చోరు. పండుగలు, జబ్బులు, సెలవులు, శిక్షణ కలిపి ఆరు వారాలు తీసేస్తే మిగిలేది 46. ఆ వారాల్లోనూ సగం సమయం రోడ్డు మీద, ఫోనులో, బిల్లులు రాయడంలో, దొరకని విడిభాగం కోసం వెతకడంలో పోతుంది. డబ్బు వచ్చే గంటలు వారానికి 20 అనుకుందాం. 46ను 20తో గుణిస్తే 920.

2080ని 920తో భాగించి చూడండి, 2.26 వస్తుంది. అంటే మొదటి లెక్కలో వచ్చిన గంట రేటుకు రెండుంబావు రెట్లు తీసుకుంటే తప్ప అనుకున్న మొత్తం ఏడాది చివరికి చేతికి రాదు. ఈ అంకె తొలిసారి చూసినప్పుడు ఇంత ఎలా అడగగలనని మొహమాటం వేస్తుంది. అడగకపోతే ఆ తేడా ఎవరు కడుతున్నారో ఆలోచించండి. మీ ఇంటివారే.

కొత్తగా వృత్తిలోకి వచ్చినవారికి ఒక మినహాయింపు ఉంది. అనుభవజ్ఞులు గంటన్నరలో చేసే ట్యూనింగ్ మీకు మూడు గంటలు పడుతుంటే, ఆ రెండో గంటన్నరను ఖాతాదారు నెత్తిన వేయకండి. అది మీ చదువు ఖర్చు. అలాగని గంట రేటు తగ్గించుకోవద్దు. గంట రేటు సరైనదే ఉంచి, పనికి గంటన్నర అని లెక్క వేయండి. చేయి తిరిగేకొద్దీ మీ రాబడి దానంతటదే పెరుగుతుంది. రేటే తగ్గించుకుంటే మాత్రం తర్వాత పైకి తేవడం, ఇరవై ఏళ్లు ట్యూన్ చేయని పియానోను శ్రుతికి తేవడమంత కష్టం.

మూడు నెలలు గడియారంతో కాపురం

గంట విలువ తెలిసింది. ఇప్పుడు ఏ పనికి ఎన్ని గంటలు పడుతుందో తెలియాలి. ఇది ఎవరినో అడిగి తెలుసుకునేది కాదు. జేబులో పట్టే చిన్న పుస్తకం పెట్టుకుని మూడు నెలలు ప్రతి పనికీ సమయం రాయండి. మీరు రాసేది కొంత ఇలా ఉంటుంది: ‘నిలువు పియానో, ట్యూనింగ్. ఫోను మాటలు 10 నిమిషాలు. ప్రయాణం రానూ పోనూ 40. పియానో పైనున్న ఫొటోలు, పూలకుండీ దించి మూత తీయడం, చివర సర్దడం 15. ట్యూనింగ్ 75. బిల్లు, కబుర్లు 10.’ మొత్తం 150 నిమిషాలు. అంటే గంటాపావు పని అనుకున్నది నిజానికి రెండున్నర గంటల పని.

కబుర్ల గురించి నవ్వుకోకండి. పియానో ఉన్న ప్రతి ఇంట్లో దానికో కథ ఉంటుంది, ఆ కథ వినడం కూడా ఈ వృత్తిలో భాగమే. కాకపోతే ఆ సమయాన్నీ రాసుకోండి.

మూడు నెలల తర్వాత ఒక్కో రకం పనికి సగటు తీయండి. సగటు కంటే, బాగా ఎక్కువ పట్టిన రెండు మూడు సందర్భాలను పట్టి చూడండి. ఏ తీగ తెగింది, ఏది బిగుసుకుంది, ఏ భాగం కోసం మళ్లీ వెళ్లాల్సి వచ్చింది? మీ షరతులన్నీ అక్కడి నుంచే పుడతాయి.

పనిని బట్టి పద్ధతి

మామూలు ట్యూనింగ్‌కు ఒకే ఫీజు పెట్టండి. సుమారు 230 తీగలు, ప్రతిసారీ దాదాపు అదే పని. కాబట్టి ఎంతవుతుందో ముందే చెప్పవచ్చు. గంటల లెక్కన తీసుకుంటే నిదానంగా చేసేవారికి లాభం, చురుకైనవారికి నష్టం. ఖాతాదారు కూడా గడియారం చూస్తూ కూర్చుంటారు. ఆ చూపు కింద ట్యూనింగ్ చేయడం నరకం.

శ్రుతి బాగా దిగిన పియానో సంగతి వేరు. దీన్ని మామూలు ఫీజులో కలిపితే మునిగిపోతారు. కారణం ఖాతాదారుకు అర్థమయ్యేలా చెప్పగలగాలి. పియానోలోని తీగలన్నీ కలిసి చట్రాన్ని సుమారు 18 నుంచి 20 టన్నుల బలంతో లాగుతుంటాయి, నాదాన్ని పెంచే పలుచని చెక్క పలకను, అంటే సౌండ్‌బోర్డును, నొక్కుతుంటాయి. అన్ని తీగలూ వదులైనప్పుడు ఒకచోట బిగిస్తే ఆ అదనపు బరువుకు సౌండ్‌బోర్డు కాస్త అణుగుతుంది, అంతకు ముందు సరిచేసిన తీగలు మళ్లీ కిందికి జారతాయి. అందుకే మొదటి విడతలో కావలసిన దానికంటే కాస్త పైకి లాగి వదలాలి. పియానో 40 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) కిందికి ఉంటే, మధ్య భాగంలో సుమారు పావువంతు, అంటే 10 సెంట్లు పైకి పెడతాం. అది జారి తన చోటికి దగ్గరగా వచ్చాక రెండో విడతలో సన్నగా ట్యూన్ చేస్తాం. అంటే ఒకే రోజు రెండు ట్యూనింగులు. పూర్తి అర్ధస్వరం, అంటే 100 సెంట్లు దిగిపోయి ఉంటే మూడు విడతలు కూడా పట్టవచ్చు, కొన్ని వారాల తర్వాత మళ్లీ వెళ్లాల్సి రావచ్చు. నా పద్ధతి ఏమిటంటే, ఎన్ని సెంట్ల నుంచి అదనపు ఫీజు మొదలవుతుందో ముందే ఒక గీత గీసుకోవడం. వెళ్లగానే 440 హెర్ట్జ్ ఉండాల్సిన ‘ఏ’ స్వరంతో పాటు కింద, పైన నాలుగైదు చోట్ల కొలిచి, ఆ అంకెను ఖాతాదారుకు చూపించి, అప్పుడే పని మొదలుపెడతాను.

రెగ్యులేషన్‌కు, అంటే కీలు, సుత్తులు కదిలే తీరును సరిచేయడానికి, మళ్లీ 88 సూత్రమే. కీ ఎత్తు, కీ దిగే లోతు, సుత్తి దూరం, తీగకు తగలడానికి కాస్త ముందు సుత్తిని వదిలే చోటు, వదిలాక అది జారే దూరం, వెనక్కి వచ్చినప్పుడు పట్టుకునే ఎత్తు, స్ప్రింగు బలం, చివరన మిగిలే కొద్దిపాటి కదలిక. గ్రాండ్ పియానోలో ఇలా ఎనిమిది సర్దుబాట్లు అనుకుందాం. ఒక్కోదానికి అర నిమిషం. ఎనిమిది అరలు నాలుగు, నాలుగు 88లు 352 నిమిషాలు. చిత్రంగా మళ్లీ అదే అంకె. దాదాపు ఆరు గంటలు. అదీ ఒక్క చుట్టే. ఒకటి మారిస్తే ఇంకొకటి మారుతుంది కాబట్టి రెండో చుట్టు తప్పదు. స్క్రూలు బిగించడం, శుభ్రం చేయడం, అరిగిన సుత్తులకు ఆకారం తేవడం కలిపితే రెండు రోజులు దాటుతుంది. ఎవరైనా ఫోనులో ‘కీలు కాస్త సరిచేస్తారా’ అని అడిగితే, ఆ ‘కాస్త’ అనే మాటకు ధర చెప్పకండి. చూసి, కొలిచి, రాతపూర్వకంగా అంచనా ఇవ్వండి. అలా చూసినందుకు కూడా ఫీజు ఉండాలి, పని మీకే ఇస్తే దాన్ని అసలు బిల్లులో తగ్గించవచ్చు.

చిన్న మరమ్మతులకు కనీస ఫీజు పెట్టుకోవాలి. గ్రాండ్ పియానోలో పెన్సిలు పడి నాలుగు కీలు పనిచేయడం లేదని పిలుస్తారు. యాక్షన్, అంటే కీలూ సుత్తులూ ఉండే యంత్రాంగం, బయటికి లాగి పెన్సిలు తీసి, మళ్లీ లోపలికి తోయడానికి పట్టేది పది నిమిషాలు. దానికి ఇంతా అని ఆశ్చర్యపోతారు. యాక్షన్ లాగేటప్పుడు ఒక్క కీ మీద వేలు పడినా, పైకి లేచిన సుత్తి పిన్‌బ్లాకుకు, అంటే తీగలు చుట్టిన ట్యూనింగ్ పిన్నులు దిగి ఉండే చెక్క దిమ్మెకు, తగిలి సుత్తి కాడ విరుగుతుంది. విరగకుండా లాగడం తెలిసినందుకే మిమ్మల్ని పిలిచారు. ఇదంతా వాళ్లకు ఉపన్యాసంలా చెప్పనవసరం లేదు. ఇంటికి వచ్చినందుకు కనీస ఫీజు ఇంత అని ఫోనులోనే చెప్పి ఉంటే ఆశ్చర్యమే ఉండదు.

తెగిన తీగ చూడటానికి చిన్న పని, కొత్తవారు ఎక్కువగా నష్టపోయేది మాత్రం దీనితోనే. పాత తీగ మందాన్ని మైక్రోమీటరుతో కొలవాలి. పిన్నుకు మూడు చుట్లు శుభ్రంగా రావాలి. పై స్థాయిలలో చాలాచోట్ల ఒకే తీగ ఒక పిన్ను నుంచి వెళ్లి, అవతలి కొక్కేన్ని చుట్టి, పక్క పిన్నుకు వస్తుంది. కాబట్టి ఒకటి తెగితే రెండు తీగల పని. రాగి చుట్టిన మంద్ర తీగ అయితే కొలతలు పంపి చేయించుకోవాలి, లేదా తెగిన చోట ముడి వేయగలగాలి. ఇవన్నీ అయ్యాక కూడా కొత్త తీగ సాగుతూనే ఉంటుంది. మరుసటి రోజే శ్రుతి దిగుతుంది. మళ్లీ రెండు మూడు సార్లు సరిచేస్తే తప్ప నిలవదు. అందుకని తీగ మార్చే ఫీజులోనే తిరిగి వచ్చే ఒక రాకను కలిపేయండి. ‘మళ్లీ వచ్చినందుకు వేరేగా’ అంటే మీ పని సరిగా లేదని వాళ్లు అనుకుంటారు. ముందే కలిపి చెబితే అదే మీ జాగ్రత్త అవుతుంది.

పూర్తి పునర్నిర్మాణం, అంటే కొత్త తీగలు, కొత్త సుత్తులు, పిన్‌బ్లాకు మార్పు లాంటివి ఒకే మొత్తానికి ఒప్పుకోవద్దు. దశలుగా విడగొట్టి, ప్రతి దశకూ ముందుగా కొంత తీసుకోండి. విప్పాక బయటపడే లోపాలకు వేరే అంచనా ఉంటుందని ఒప్పందంలో రాయండి. పియానో విలువ కంటే మరమ్మతు ఎక్కువయ్యేలా ఉంటే ఆ మాట మీరే ముందు చెప్పాలి. ఒక పని పోతుంది, నిజమే. కానీ ట్యూనింగ్ పిన్నులు నిలవని పియానోకు ఖరీదైన సుత్తులు వేసి, ఆరు నెలల తర్వాత ఆ ఇంటి ఫోను ఎత్తడానికి భయపడటం కంటే అది నయం.

ప్రయాణం, ఎదురుచూపు, విడిభాగాలు

ప్రయాణానికి దూరాన్ని బట్టి రెండు మూడు వలయాలు గీసుకుంటే చాలు. మొదటి వలయం ఫీజులోనే కలిసి ఉంటుంది, ఆ పైన వలయానికింత. దూరం వెళ్లే రోజున అదే దారిలో ఇంకో రెండు ఇళ్లు కలుపుకుంటే ఆ ప్రయాణాన్ని ముగ్గురికీ పంచవచ్చు.

కచేరీ పనికి మాత్రం ఈ లెక్కలేవీ సరిపోవు. అక్కడ మీరు అమ్మేది ట్యూనింగ్ ఒక్కటే కాదు, మీ సాయంత్రం. వేదిక మీద నిశ్శబ్దం కావాలని ముందే రెండు గంటలు అడిగి ఉంటారు. తీరా వెళితే ఒకవైపు లైట్లు బిగిస్తుంటారు, ఇంకోవైపు మైకులు పరీక్షిస్తుంటారు. రిహార్సల్ అయ్యాక మళ్లీ చూడాలి, విరామంలో జారిన స్వరాలు సరిచేయాలి. కాబట్టి వచ్చినప్పటి నుంచి వెళ్లేదాకా పూటకింత అని ఫీజు పెట్టండి, రాత్రి పొద్దుపోతే అదనం రాయండి. ఒప్పుకున్న నిశ్శబ్ద సమయం దొరక్కపోతే ఏమవుతుందో కూడా రాసి ఉంచండి.

చాలా పియానోలున్న సంగీత పాఠశాలలకు తగ్గింపు ఇవ్వవచ్చు. అది ప్రేమతో ఇచ్చేది కాదు, ఒకే ప్రయాణంలో నాలుగు పియానోలు అయిపోతున్నందుకు ఇచ్చేది. ఎంత సమయం ఆదా అయిందో అంతకు మించి తగ్గించకండి. మిగతా లెక్క మామూలే.

విడిభాగాలను కొన్న ధరకే ఇచ్చేస్తే అసలుకే ఎసరు. వెతకడం, తెప్పించడం, కొలత తప్పితే వెనక్కి పంపడం, అరలో ఏళ్ల తరబడి ఉంచడం మీ ఖర్చులే. వీటికి ఒక శాతం నిర్ణయించుకుని అందరికీ అదే వేయండి. దాచిపెట్టాల్సిన అవసరం లేదు, బిల్లులో భాగం ధర, మజూరీ విడివిడిగా కనిపిస్తే చాలు.

చెప్పే తీరు

ఫోనులో అంకె చెప్పే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి: నిలువు పియానోనా, గ్రాండా? ఎంత పాతది? చివరిసారి ఎప్పుడు ట్యూన్ చేయించారు? పనిచేయని కీలు, తెగిన తీగలు ఉన్నాయా? మూడో ప్రశ్నకు వచ్చే జవాబులు సరదాగా ఉంటాయి.

“చివరిసారి ఎప్పుడు చేయించారండీ?”

“మా అమ్మాయి నేర్చుకునే రోజుల్లో. ఇప్పుడు తను ఉద్యోగం చేస్తోంది.”

“అయితే ముందే చెబుతానండీ. మామూలు ట్యూనింగ్‌కు ఇంత. ఇన్నేళ్లు ముట్టుకోలేదు కాబట్టి శ్రుతి బాగా దిగి ఉండవచ్చు, దాన్ని పైకి తేవాల్సి వస్తే ఇంకో ఇంత అవుతుంది. వచ్చి కొలిచాక, పని మొదలుపెట్టకముందే ఖాయంగా చెబుతాను. వద్దనుకుంటే వచ్చి చూసినందుకు కనీస ఫీజు ఇస్తే చాలు.”

అంకె చెప్పాక ఆగండి. చాలామంది ఇక్కడే తడబడతారు. అవతలి నుంచి రెండు క్షణాలు మాట రాకపోతే, అడగకుండానే తామే తగ్గిస్తారు. అవతలివారు ఆ క్షణంలో డైరీలో తేదీ చూసుకుంటూ ఉండవచ్చు.

పాత పియానోను పైకి లాగేటప్పుడు తుప్పు పట్టిన తీగ తెగవచ్చు. తెగితే ఖర్చు ఎవరిదో పని మొదలుపెట్టే ముందే చెప్పాలి. తెగిన తర్వాత చెబితే అది సాకులా వినిపిస్తుంది. రద్దు చేసుకోవాలంటే ఎంత ముందు చెప్పాలి, ట్యూనింగ్ తర్వాత ఫిర్యాదు ఉంటే ఎన్ని రోజుల్లో ఉచితంగా వచ్చి చూస్తారు, ఇవి కూడా రాతలో ఉండాలి. ఉచితంగా చూసేది మీ పనిలో జారిన స్వరాలను మాత్రమే. వర్షాకాలం రాగానే చెక్క తేమ పీల్చుకుని పియానో మొత్తం మారితే అది కొత్త ట్యూనింగ్.

ఎవరికైనా తగ్గించి ఇవ్వాలనిపిస్తే, పేద విద్యార్థి కావచ్చు, పాత స్నేహితుడు కావచ్చు, బిల్లులో పూర్తి ఫీజు రాసి, దాని కింద ‘తగ్గింపు’ అని ఇంకో వరుస రాయండి. తగ్గించిన అంకె ఒక్కటే రాస్తే వచ్చే ఏడాది అదే అసలు ఫీజు అవుతుంది, వాళ్లు పంపే పది మందికి కూడా అదే.

తోటివారి ధరలు తెలుసుకోవడంలో తప్పు లేదు. మీ అంకె ఎక్కడుందో తెలుస్తుంది. కానీ అందరూ కూర్చుని ఇంతకు తక్కువ తీసుకోవద్దని ఒప్పందం చేసుకోవడం చాలా దేశాల్లో పోటీ చట్టాలకు విరుద్ధం. సంఘాలు శిక్షణ ఇస్తాయి, పరీక్షలు పెడతాయి. అమెరికాలోని పియానో టెక్నీషియన్స్ గిల్డ్ రాత పరీక్ష, ట్యూనింగ్ పరీక్ష, రెగ్యులేషన్, మరమ్మతుల మీద సాంకేతిక పరీక్ష మూడూ నెగ్గినవారికే రిజిస్టర్డ్ పియానో టెక్నీషియన్ హోదా ఇస్తుంది. అలాంటి అర్హత ఉంటే ఫీజు కాగితం పైన రాసుకోండి. అంకె మాత్రం మీరే వేసుకోవాలి.

ఇక పెంచడం. ఏడాదికోసారి, అదే నెలలో, మొదటి కాగితం మళ్లీ తీసి లెక్క చూడండి. ఏళ్ల తరబడి పెంచకుండా ఒకేసారి పెంచితే పాత ఖాతాదారులు ఉలిక్కిపడతారు, ఏటా కొద్దికొద్దిగా పెరిగితే గమనించరు కూడా. డైరీ రెండు నెలల ముందే నిండిపోతుంటే మీ ఫీజు తక్కువగా ఉందని అర్థం. కొత్త ఫీజు ఏ తేదీ నుంచో నెల ముందు తెలియజేసి, అప్పటికే ఖాయమైన పనులను పాత ఫీజుకే చేసి పెట్టండి. ఆ తేదీ రాగానే పనిముట్ల పెట్టె మూత లోపల అంటించుకున్న పాత ఫీజుల కాగితం చింపి, కొత్తది అంటించండి. రెండూ ఉంటే ఫోను మోగినప్పుడు చూపు తప్పకుండా పాతదాని మీదికే పోతుంది.